సర్కిలువద్ద లెక్కకు ముందు

మన పట్టణములలో నాలుగు బాటలు కలియుచోట నొక గుండ్రని తిన్నెయు, తిన్నెమీద నొక విగ్రహమును, దానిచుట్టు తిరుగు బండ్లును కానవచ్చును. మన దేశమున బండ్లు బాటకు ఎడమవైపున నడచును గనుక ఆ తిన్నె యెల్లప్పుడును బండివానికి కుడిచేతివైపుననే యుండును. తలచినను తలపకున్నను ప్రతి లారీయు, ప్రతి ఆటోయు ఆ మహనీయునికి నిండు ప్రదక్షిణమో, అర్ధప్రదక్షిణమో, అందు పావువంతో చేసియే తన దారిని పోవుచున్నది. దీనినే జనులు సర్కిలందురు; కొన్ని యూళ్లలో రౌండానా యందురు.

ఈ సర్కిళ్లను గూర్చి యభిప్రాయము లేనివాడు పట్టణమున నొక్కడును లేడు. కాఫీహోటలులో కూర్చున్నవాడు తిన్నెను తీసివేయవలయు ననును. అతని యెదుట కూర్చున్నవాడు దీపస్తంభములు నిలుపవలయు ననును. మూడవవాడు పైవంతెన కట్టినగాని గతి లేదనును. నాలుగవవాడు తప్పంతయు తోపుడుబండ్ల వారిదని తీర్పు చెప్పి లేచిపోవును. ఈ నలువురిలో నెవ్వరినైనను, "అయ్యా, ఉదయము తొమ్మిది గంటలకును పది గంటలకును నడుమ ఈ సర్కిలులోనికి ఎన్ని బండ్లు వచ్చును? అందెన్ని కుడివైపునకు తిరుగును? ఎందరు కాలినడకను దాటుదురు?" అని యడిగినచో సమాధానము రాదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత యిట్టివారిని చూచియే పుట్టియుండును. వ్యాధి యేదో నిర్ణయింపకమున్నే యౌషధమును గూర్చి వాదించుచున్నాము.

ఈ నడుమ మా పాఠకులలో కొందరు యువకులు మాయొద్దకు వచ్చి, తమ పట్టణపు సర్కిలువద్ద తామే నిలిచి రాకపోకలను లెక్కింప సంకల్పించినామనియు, అందుకు మా సలహా కావలయుననియు కోరిరి. వారి యుత్సాహమునకు మేము సంతసించితిమి. కాని వారు కాగితమును, పెన్సిలును చేతబట్టుకొని మరుసటి యాదివారముననే బయలుదేర నుద్దేశించినట్లు వినినప్పుడు, కొంచెమాగుడని చెప్పవలసి వచ్చినది. వారికి చెప్పినదే యిక్కడ నందరికిని చెప్పుచున్నాము. లెక్కయొక్క సత్యము లెక్కించునాడు నిర్ణయమగునది కాదు. అంతకు ముందు పట్టికను గీయునాడే నిర్ణయమగును. ఆ పట్టికలో గడి లేనివాడు పట్టణములో లేనట్లే.

ముందుగా సర్కిలు స్వభావమును తెలిసికొనవలయును. గుండ్రని తిన్నెచుట్టు బండ్లన్నియు నొకే దిక్కున తిరుగవలెనను పద్ధతి 1905లో న్యూయార్కునందలి కొలంబసు సర్కిలువద్దను, 1907లో పారిసునందలి ఎత్వాలు కూడలివద్దను ఆచరణలోనికి వచ్చినది. అయితే లోపల తిరుగుచున్నవానికి దారి యీయవలెనా, కొత్తగా వచ్చువానికి దారి యీయవలెనా యను తగవు చాలకాలము తీరలేదు. వచ్చువానికే ముందు హక్కున్నచోట సర్కిలు నిండి, లోపలివాడు వెలికి పోలేక, వెలుపలివాడు లోనికి రాలేక, అంతయు బిగిసిపోవుచుండెను. లోనికి వచ్చువాడు తిరుగుచున్నవానికి దారి విడువవలెనను నియమమును 1966లో బ్రిటనువారు స్థిరపరచిన పిమ్మటనే సర్కిలు తన పనిని తాను చేయ నేర్చినది. మన సర్కిళ్లలో ఈ నియమమును పాటించువా రెందరో పాఠకులే యెరుగుదురు.

మామూలు కూడలికిని సర్కిలునకును లెక్కించువాని దృష్టిలో నొక పెద్ద భేదము కలదు. మామూలు కూడలియందు బండి యెటు తిరుగుచున్నదో నిలుచున్నచోటనే కనబడును. సర్కిలులో నట్లు కాదు. తూర్పునుండి వచ్చిన బస్సు తిన్నెవెనుకకు పోయి, విగ్రహపు పీఠముచాటున మాయమై, ఏ బాటను పట్టెనో తెలియకుండ పోవును. నాలుగు బాటల సర్కిలులో నొక్కొక్క బాటనుండి వచ్చు బండికి ఎడమ, నేరు, కుడి యని మూడు దారులు, వెరసి పండ్రెండు. వచ్చినదారినే వెనుకకు మరలువారిని గూడ కలిపినచో పదునారు. నాలుగు ప్రవేశములవద్దను, నాలుగు నిష్క్రమణములవద్దను మనుష్యులను నిలిపి లెక్కించినచో మనకు చిక్కునవి ఎనిమిది యంకెలు. ఎనిమిది యంకెలనుండి పండ్రెండు సంగతులను రాబట్టుట ఏ గణితశాస్త్రజ్ఞునికిని సాధ్యము కాదు.

ఈ పండ్రెండింటితో మనకేమి పని యని యడుగవచ్చును. విజయవాడలోని బెంజిసర్కిలును తలచుకొనుడు. చెన్నైనుండి కోల్‌కతాకు పోవు జాతీయ రహదారియు, బందరు రోడ్డును అచ్చట కలియును. 2020లో అచ్చట పైవంతెన యొక వైపున ప్రారంభమైనది. రెండవ వైపున పిమ్మట వచ్చినది. రహదారివెంబడి నేరుగా పోవలసిన లారీ యిప్పుడు పైనుండి పోవచ్చును. కాని రహదారినుండి బందరు రోడ్డునకు తిరుగవలసినవానికిని, బందరు రోడ్డువెంబడి ఊరిలోనికి పోవలసినవానికిని, ఆ రోడ్డును నడిచి దాటవలసినవానికిని క్రింది నేలయే గతి. పైవంతెన నేరుగా పోవువాని కుపకారి, తిరుగువానికి కాదు. కావున ఏ పట్టణమునందైనను పైవంతెన కావలెనని కోరుటకుముందు, నేరుగా పోవువా రెందరు, తిరుగువా రెందరు అను ప్రశ్నకు జవాబు కావలయును. లోనికి వచ్చిన మొత్తము మాత్రమే యెరిగిన పట్టణము కోట్ల రూపాయలు వెచ్చించి, తిరుగువానిని ఎప్పటి యిరుకుననే విడిచిపెట్టును.

దారులను తెలిసికొనుట కుపాయము లేకపోలేదు. సర్కిలు చిన్నదై, ప్రక్కన మేడ యున్నచో, బాట కొక్కడు చొప్పున మేడమీద నిలిచి, తన బాటనుండి వచ్చు బండిని చూపుతో వెంబడించి, అది వెడలిన బాట క్రింద గీత గీయవచ్చును. సర్కిలు పెద్దదైనచో బండి నంబరు నాశ్రయింపవలయును. ప్రవేశమువద్ద నిలిచినవాడును, నిష్క్రమణమువద్ద నిలిచినవాడును బండి నంబరులోని చివరి నాలుగంకెలను, కాలమును వ్రాసికొని, సాయంకాలము రెండు కాగితములను జతపరచినచో, ఏ బండి యెచట చొచ్చి యెచట వెడలెనో తేలును. రద్దీ వేళ నన్నిటిని వ్రాయుట మానవసాధ్యము కాదు గనుక, చివరి యంకె మూడో యేడో యైన బండ్లనే వ్రాయుదమని అందరును ముందే యొప్పుకొనవలయును. అప్పుడు సుమారు అయిదింట నొకటి చిక్కును. దానినిబట్టి మిగిలినవానిని అంచనా వేయవచ్చును. ఈ యొప్పందము ముందుగా జరుగకపోయినచో, ఒకడు తనకు నచ్చిన కార్లను, మరియొకడు తనకు కనబడిన లారీలను వ్రాయును. సాయంకాలమున జత కుదరదు. పని ముగిసినతోడనే నంబర్ల కాగితములను చింపివేయవలయును. మనకు కావలసినది బండి నడక గాని, ఫలానావాడు ఎచటికి పోయెనను కూపీ గాదు.

తప్పును పట్టుకొనుటకు సర్కిలు మన కొక సులభమైన సాధనము నిచ్చినది. లోనికి పోయినది వెలికి రాక తప్పదు. నాలుగు ప్రవేశముల మొత్తమును, నాలుగు నిష్క్రమణముల మొత్తమును దాదాపు సమానముగ నుండవలయును. లోపల నాగిన ఆటో యొకటి రెండు తక్కువగు గాక. అంతకుమించి భేదమున్నచో ఎవడో కునుకు తీసెనన్నమాట. ఈ సరిచూపును ఆ సాయంకాలమే చేయవలయును. వారము గడచిన పిమ్మట చేసినచో, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును.

ఇక దినమును గూర్చి. మా యువమిత్రులు ఆదివారము నెన్నుకొనుటకు కారణము నాడు వారికి సెలవగుటయే. కాని లెక్కించువానికి సెలవైననాడు లెక్కింపబడువానికిని సెలవే. బడి లేదు, కచేరి లేదు. ఆనాటి సర్కిలు పనిదినపు సర్కిలు కాదు. సంతదినమును, పండుగదినమును, పెండ్లిముహూర్తముల దినమును, ఊరికి పెద్దలు విచ్చేయు దినమును విడిచి, బడులు నడచుచుండు కాలమున సాధారణమైన పనిదినమును గైకొనవలయును. సంతనాటి యిబ్బందియే మన ప్రశ్నయైనచో సంతనాడే నిలువవలయును; కాని అది సంతనాటి లెక్కయని స్పష్టముగ చెప్పవలయును. 1934లో స్థాపితమైన ఇండియను రోడ్సు కాంగ్రెసువారు ఊళ్లకు వెలుపలి బాటల లెక్కకై 1972లో ప్రకటించిన సూచనలలో, సంవత్సరమునకు రెండుమారులైనను, పంట యింటికి, అంగడికి చేరు కాలమున నొకమారును, రద్దీ తగ్గిన కాలమున నొకమారును, ఒక్కొక్కమారు వరుసగా ఏడు దినములు, రేయింబవళ్లు లెక్కింపవలెనని చెప్పిరి. అంతపని పఠనాలయపు యువకులచేత కాకపోవచ్చును. అయినను అందలి నీతిని గ్రహింపవచ్చును: ఒక్క దినమునుబట్టి యేడాదిని గూర్చి తీర్పు చెప్పరాదు.

పట్టికను గూర్చి మరింత శ్రద్ధ కావలయును. కాలమును పదునైదేసి నిమిషములుగ విభజింపవలయును. ఏలయన బడిగంటకు ముందు వచ్చు ఉప్పెన గంటమొత్తములో కరగిపోవును. నాలుగు నిలువుగీతలు గీచి, అయిదవ బండికి వానిమీద నడ్డగీత కొట్టుట మేలైన పద్ధతి. పాలవాని లెక్కను గోడమీద గీతలతో వేసిన మన యిల్లాండ్రకు ఇది క్రొత్త విద్య కాదు. బస్సు, లారీ, కారు, ఆటో, మోటారుసైకిలు, సైకిలు, ట్రాక్టరు, ఎద్దుబండి, తోపుడుబండి యని గడులు వేరువేరుగ నుండవలయును. పాలు మోయు మోటారుసైకిలును, ఆరుగురిని మోయు ఆటోను ఏ గడిలో వేయవలెనో ముందే నిశ్చయింపవలయును. లెక్కకు ముందటి దినమున అందరును అదే సర్కిలువద్ద, అదే వేళకు, పదునైదు నిమిషములు అభ్యాసము చేయవలయును. పీఠము చూపున కడ్డువచ్చునో, ఎండ యెవని కంట పడునో, ఏ గడి చాలదో ఆ పదునైదు నిమిషములలో తెలియునంతగా పది యుపన్యాసములలో తెలియదు.

ఇంకొక సూక్ష్మమును మరువరాదు. మనము లెక్కించునది దాటిన బండ్లను గాని, దాటగోరిన బండ్లను గాదు. కూజామూతి యిరుకైనప్పుడు వెలికివచ్చు ధారనుబట్టి లోపలి నీటిని కొలువలేము. సర్కిలు పూర్తిగ బిగిసిపోయిన యరగంటలో గీతలు అన్నిటికంటె తక్కువగ పడును. దానిని చూచి, "ఆ వేళ రద్దీయే లేదు" అని కాగితము బొంకును. కావున ప్రతి పదునైదు నిమిషములకు ఒక్కొక్క బాటమీద నిలిచిపోయిన బండ్ల వరుస ఎంతవరకు సాగినదో, మందులదుకాణమువరకో, సినిమాహాలువరకో, వేరుగడిలో వ్రాయవలయును. ఆ గడి లేనిచో బాధ యెక్కువైనకొలదియు లెక్క తక్కువగును.

ఇప్పుడు మా మనస్సునకు మిక్కిలి దగ్గరగ నున్న విషయమునకు వచ్చుచున్నాము. సర్కిళ్లను గూర్చి ఇండియను రోడ్సు కాంగ్రెసువారు 1976లో ప్రకటించిన సూచనలలో బండ్లకు తూకములు నిర్ణయించిరి. కారు ఒకటి, బస్సు, లారీ 2.8; మోటారుసైకిలు 0.75, సైకిలు 0.5, పశువులు లాగు బండి 4 మొదలు 6 వరకు. అన్ని బాటలనుండియు కలిసి గంటకు సుమారు 3,000 బండ్లవరకు సర్కిలు చక్కగ మోయగలదనియు, 500కు తక్కువైనచోట సాధారణముగ దానితో పనిలేదనియు చెప్పిరి. ఆ సూచనలు 2017లో సవరింపబడినవి. ఈ తూకములు తప్పని మేమనము. బాటమీద బండి యెంత చోటు నాక్రమించునో, ఇతరుల నెంత యడ్డగించునో చెప్పుటకు అవి యవసరమైనవే. కాని అవి బండిని తూచును, మనిషిని తూచవు. నలువదిమందిని మోసికొనివచ్చు బస్సు ఈ లెక్కలో మూడు కార్లకు లోకువ. ఆ మూడు కార్లలోను ఒక్కొక్కడే కూర్చుండియుండవచ్చును. నడిచివచ్చువానికి ఆ పట్టికలో నంకెయే లేదు. బండ్ల పట్టిక గనుక ఉండుటయు లేదు. అందుచేతనే అతనికి వేరు పట్టిక కావలయునని మా వాదము.

ఏలయన చావు లెక్కలో అతనికి గడి యున్నది. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది ప్రాణములు గోల్పోయిరని కేంద్ర ప్రభుత్వమువారి నివేదికయే చెప్పుచున్నది. వారిలో 32,825 మంది కాలినడకవారు. అనగా అయిదుగురిలో నొకడు. చచ్చినప్పుడు లెక్కకు వచ్చు మనిషి, బ్రదికి బాట దాటునప్పుడు లెక్కకు రాకుండుట ఏమి న్యాయము? బడిపిల్లలు, కూరలగంపలతో వచ్చు స్త్రీలు, కఱ్ఱ పట్టుకొని నడచు వృద్ధులు, బస్సు దిగి అవతలి బస్సునకు పరుగెత్తువారు, వీరందరు ఏ వేళ, ఏ బాటను, ఎందరు దాటుచున్నారో, దాటుటకు ఎంతసేపు నిలువవలసి వచ్చుచున్నదో వ్రాయని లెక్క సగము లెక్కయే. సర్కిలులో బండి ఆగదు. మెల్లగనైనను కదలుచుండుటయే దాని ధర్మము. బండివానికి మేలైన ఆ గుణమే నడచువానికి గండము. తోపుడుబండ్లను తొలగించినచో అంతయు సరియగునని నోటితో చెప్పుట తేలిక. అవి ఎన్ని, ఎచట నిలిచి, ఎంతదారి నాక్రమించుచున్నవో వ్రాసి చూపిన పిమ్మట ఆ మాట అనవచ్చును. ఒకని జీవనాధారమును గూర్చిన తీర్పు ఊహమీద జరుగరాదు.

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. ఈ కాలమున కెమెరాలుండగా మనుష్యులేల యని యొకటి. కెమెరాలను మేము నిరసింపము. వాని చిత్రములను మరల మరల చూచి తప్పు దిద్దుకొనవచ్చును, అది గొప్ప లాభము. కాని దేనిని లెక్కింపవలెనో కెమెరాకు చెప్పవలసినవాడు మనిషియే. బండ్లనే లెక్కింపుమన్నచో అదియు బండ్లనే లెక్కించును. ఎడలేని వరుసలో లారీచాటున పోవు సైకిలు దానికిని కనబడదు. రెండవ ఆక్షేపణ యేమనగా, ఇంజనీర్లు చేయవలసిన పనిని పౌరులు చేసినచో తమకు కావలసిన ఫలితమునే చూపుదురని. ఇది త్రోసివేయదగినది కాదు. దీనికి మందు దాపరికము లేకుండుటయే. ప్రశ్న యేమో, దిన మేదో, పట్టిక యెట్లుండునో లెక్కకు ముందే పఠనాలయపు గోడమీద నంటింపుడు. పురపాలక సంఘమువారికిని, రక్షకభట శాఖవారికిని తెలిపి, వారి యింజనీరును వచ్చి చూడుడని యాహ్వానింపుడు. ఫలితము మనకు నచ్చినను నచ్చకున్నను ప్రతి గీతను ప్రకటింపుడు. తన వాదమునకు విరుద్ధమైన యంకెను గూడ ప్రకటించువాని మాటను అధికారులు తేలికగ త్రోసిపుచ్చజాలరు.

మనుష్యుల సంగతియు ముందే యోచింపవలయును. ప్రవేశ నిష్క్రమణములకు ఎనిమిదిమంది, మోటారుసైకిళ్ల ప్రవాహమునకే ప్రవేశము కొక్కడు చొప్పున మరి నలువురు, కాలినడకవారికి నలువురు, అలసినవారి చోట నిలుచుటకు నలువురు, పైవిచారణకు నొకడు: ఇరువదియొక్కరు కావలయును. అందరును పల్లకి యెక్కువారే యైనచో మోయువారెవ్వరు? ఎవ్వడును తిన్నెమీద నిలువరాదు. బాట నంచున, దూరమునుండి కనబడు మెఱుగుచొక్కా తొడుగుకొని, నీడపట్టున నుండవలయును. రెండుగంటలకు మించి యొకని నొకేచోట నుంచరాదు. కన్ను అలసినచో చేయి ఊహించి గీయ మొదలుపెట్టును. నీళ్లు, గొడుగు, అదనపు పెన్సిళ్లు, అందరి గడియారములు నొకే నిమిషమునకు సరిచేయుట, ఇవి చిన్నవిగ దోచును. ఇట్టి చిన్నవానివలననే పెద్ద లెక్కలు చెడుచున్నవి.

స్వపరిపాలనమన ఓటు వేయుటతో ముగియునది కాదు. మన వీథిని మన మెరుగుటయు అందొక భాగము. కరణము లెక్క కరణమునకే తెలియునని చేతులు కట్టుకొని కూర్చున్న కాలము మనకు చేసిన మేలేమియు లేదు. అర్జీలు వ్రాయుట మనవారికి బాగుగ తెలియును. అర్జీకి అంకెలు జోడించుట ఇంక నేర్వవలసియున్నది. "రద్దీ యధికముగ నున్నది, తగు చర్య గైకొనవలయును" అను వాక్యమునకు ఏ కచేరిలోనైనను జవాబు సిద్ధముగ నుండును. "బడిగంటకు ముందటి పదునైదు నిమిషములలో ఇంతమంది పిల్లలు ఈ బాటను దాటుచున్నారు; దాటుటకు ఒక్కొక్కరు ఇంతసేపు నిలుచుచున్నారు; గీతల కాగితము లివిగో" అని చెప్పువాని యెదుట ఆ జవాబు నిలువదు.

మా యువమిత్రులారా, ఆదివారము వలదు. ఈ వారము పట్టిక గీయుడు. వచ్చు వారము సర్కిలుచుట్టు నాలుగుమారులు నడిచి, ఎవరెవరు దాటుచున్నారో కన్నులార చూడుడు. చూచినవారిలో మీ పట్టికయందు గడి లేనివాడొక్కడైనను కనబడినచో ఇంటికి పోయి పట్టికను మరల గీయుడు. అటుపిమ్మట పెన్సిలు చేతబట్టుడు.